కాళ్ళాయన

అల్లుడు టీవీ బల్ల వెనక బోర్లా పడుకుని నడుము దాకా లోపలికి దూరిపోయాడు. బయటికి కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి, బూడిదరంగు మేజోళ్ళు, ఎడమ మడమ దగ్గర చిన్న చిరుగు. సోఫా అంచున కూర్చుని ఆమె ఆ కాళ్ళనే చూస్తోంది. పిల్లకి చెప్పాలి, మొగుడి మేజోళ్ళు కాస్త చూసుకోవే అని. చెబితే, ఆయన కాళ్ళు ఆయన చూసుకోలేరా అంటుంది, దాని తీరే అంత. ఈ ఇంట్లో కాళ్ళు చూడడం కొత్తేమీ కాదు. మొహం కన్నా ముందు కాళ్ళు చూసే మనిషితో కాపురం చేసింది ఆమె. పెళ్ళిచూపులకి వాళ్ళింటికి వచ్చినప్పుడు ఆయన అసలు తల ఎత్తలేదు, ఎంత సిగ్గరి అబ్బాయో అని పిన్ని మురిసిపోయింది, సిగ్గూ లేదు గిగ్గూ లేదు, మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నడిచొస్తున్న ఆమె ఎడమ కాలు కుడికాలి కన్నా ఒక్క క్షణం ఆలస్యంగా నేల మీద పడడం చూస్తున్నాడు. చిన్నప్పుడు వేడినీళ్ళు ఒలికి ఆ పాదం కాస్త బిగుసుకుపోయింది. చాలా కొంచెం. అమ్మ కూడా మర్చిపోయినంత కొంచెం. ఆయన ఆమెతో అన్న మొదటి మాట అదే, ఆ కాలికి ఏమైంది అని.

"ఏమండీ, తీగ పెడుతున్నారా, పన్ను పీకుతున్నారా?" అంది కూతురు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి. అల్లుడు పళ్ళ డాక్టరు. లోపలినుంచి ఏదో మూలుగు వినిపించింది. టార్చిలైటు నోట్లో పెట్టుకున్నాడు పాపం, మాట రావడం లేదు. "నోట్లో సామాను పెట్టి మాట్లాడించడం మీకు అలవాటే కదా, ఇప్పుడు తెలిసిందా ఎలా ఉంటుందో" అని అది నవ్వింది. ఆమెకీ నవ్వు రావలసిందే, రాలేదు. తెరలు వేసేసినా మధ్యాహ్నం ఎండ పక్కల నుంచి సన్నగా లోపలికి వస్తోంది, ఆ వెలుగులో పాత పెట్టె మీద దుమ్ము కనిపిస్తోంది. రిసీవర్ అంటారు దాన్ని, ఆయన మాత్రం పెట్టె అనేవాడు. బట్టల పెట్టె అంత నల్లటి ఇనప పెట్టె, దానికి గది నాలుగు మూలలా నాలుగు స్పీకర్లు, టీవీ కింద ఒకటి, మూల నేల మీద ఉరిమేది ఇంకొకటి. పని మానేశాక కొనుక్కున్నాడు. కొన్న కొత్తలో కుర్చీ గది మధ్యలో వేసుకుని కళ్ళు మూసుకుని, ఇదిగో ఇప్పుడు కుడివైపు నుంచి వస్తున్నాడు, ఇదిగో వెనక్కి వెళ్ళాడు, అని ఆమెకి చూపించేవాడు, గాలిలో వేలు తిప్పుతూ, ఎవరూ లేని చోట మనుషుల్ని చూపిస్తూ.

కొత్త డిస్కు, కొత్త ప్లేయరు, పాత పెట్టె. పొద్దున ఎర్ర వెలుగు వచ్చే సన్నతీగ పెట్టి చూశారు, పెట్టె నీలిదీపం మిటకరించింది తప్ప కిక్కురుమనలేదు. అత్తయ్యా, ఈ డిస్కులో శబ్దం కొత్త లిపిలో రాశారు, మీ పెట్టె తయారైననాటికి ఆ లిపి పుట్టలేదు, ఇది దాన్ని చదవలేదు, అన్నాడు అల్లుడు. కుదించి పంపితే పలుకుతుంది గానీ, ఇంత కష్టపడి కుదించింది వినడం దేనికి అని కూడా అన్నాడు. చదవడం రాకపోతే చదివి వినిపించకూడదా బాబూ, అంది ఆమె. అతను ఆశ్చర్యపోయి, అదే అత్తయ్యా, సరిగ్గా అదే, ప్లేయరే చదివేసి ఆరు తీగల్లో పంపిస్తుంది, పెట్టె దాన్ని పెద్దగా పలుకుతుంది అంతే, అన్నాడు. ఇందులో ఆశ్చర్యం ఏముంది. యాభై దాటేదాకా ఆమె బతికింది అలాగే. మందుసీసా మీద ఏముందో, బస్సు ఎక్కడికి పోతుందో, చెల్లెలు ఏం రాసిందో, అన్నీ ఆయనే చదివి వినిపించాడు, ఆమె విని ఊరుకునేది. కూతురు పెళ్ళై వెళ్ళాక ఇంట్లో పొద్దుపోక అక్షరాలు దిద్దింది. అప్పుడు కూడా ఆయన పక్కన కూర్చుని పలక చూడలేదు, బలపం చప్పుడు విన్నాడు. ఇప్పుడు నువ్వు రాసింది గుండ్రంగా రాలేదు, మళ్ళీ రాయి, అనేవాడు, చూడకుండానే.

సినిమాల్లో నడవడం ఆయన పని. తెర మీద కాదు. షూటింగులో నటులు నడిచిన చప్పుడు మైకులో సరిగ్గా పడదు, తరవాత ఎవరో ఒకరు చీకటి గదిలో బొమ్మ చూస్తూ, ఆ బొమ్మ కాలు పడినప్పుడల్లా తన కాలు వేస్తూ ఆ చప్పుళ్ళన్నీ మళ్ళీ చేయాలి. ఆ ఎవరో ఒకరు ఈయన. పెద్ద సంచినిండా జోళ్ళు, బూట్లు, ఆడవాళ్ళ చెప్పులు, పసిపిల్లల చెప్పులు వేళ్ళకి తొడుక్కోవడానికి. ఆమెని ఒకసారి తీసుకెళ్ళాడు ఆ గదికి. నేలంతా గళ్ళు గళ్ళుగా విడదీసి ఒక గడిలో ఇసుక, ఒక గడిలో కంకర, చెక్క, నాపరాయి, పక్కనే జోళ్ళు మార్చుకోవడానికి పాత చెక్క స్టూలు. ఒక గడిలోనే నిలబడి అక్కడికక్కడే మైళ్ళకొద్దీ నడవాలి. జీవితమంతా నడిచారు, ఎక్కడికీ వెళ్ళలేదు, అని ఆమె ఎగతాళి చేస్తే, వెళ్ళలేదు కాబట్టే రోజూ ఇంటికొస్తున్నా అనేవాడు. అక్కడ అందరూ కాళ్ళాయన అనేవారు. ఇంటికి ఫోన్ చేసి, కాళ్ళాయన ఉన్నారా అమ్మా అని అడిగితే, కాళ్ళు ఉప్పునీళ్ళలో నానుతున్నాయి, ఆయన అన్నం తింటున్నారు, అని చెప్పేది. మగవాళ్ళ నడకలు దారిలో చూసి నేర్చుకున్నాడు. ఆడవాళ్ళ నడక మాత్రం ఒక్కటే వచ్చు ఆయనకి, ఆమెది. వంటింట్లో పీట మీద కూర్చుని ఆమె అటూ ఇటూ తిరుగుతుంటే పాదాలు చూసేవాడు, మొదట్లో ఒళ్ళు మండేది, ఏంటండీ ఆ చూపులు అని కసిరేది. తరవాత అలవాటైపోయింది. ఎంతెంత పేరున్న నటీమణులో, పట్టుచీరలు, నగలు, మేడమెట్లు దిగి వస్తుంటే, ఆ నడక ఆమెది. ఎడమ కాలు ఒక్క క్షణం ఆలస్యం. హాల్లో అంతమందిలో కూర్చుని ఆ ఒక్క క్షణం వినిపించినప్పుడల్లా ఆమె చీకట్లో కాళ్ళు దగ్గరికి ముడుచుకునేది, ఎవరో చూస్తున్నట్టు.

ఇంట్లో మాత్రం ఆయన నడిస్తే చప్పుడు ఉండేది కాదు. పగలంతా ఊళ్ళోవాళ్ళ అడుగులన్నీ వేసి వచ్చిన మనిషి ఇంటికొచ్చాక తనవి ఒక్కటి కూడా వేసేవాడు కాదేమో. ఉత్తకాళ్ళతో వచ్చి వెనక నిలబడేవాడు. ఆమె ఉలిక్కిపడి, పిల్లిలా వస్తారేంటండీ, గుండె ఆగి చస్తే ఎవరికి పాపం, అనేది. ఎన్నేళ్ళు ఉలిక్కిపడిందో. ఆయన పోయాక వచ్చిన చిక్కు ఇదే. మిగతా ఇళ్ళల్లో మనిషి పోతే చప్పుడు పోతుంది, ఇల్లు బావురుమంటుంది, తెలుస్తుంది. ఈ ఇంట్లో ఏమీ మారలేదు. ఆయన ఉన్నప్పుడు ఎంత నిశ్శబ్దమో ఇప్పుడూ అంతే. కూర కలుపుతూ కలుపుతూ వీపు బిగుసుకుంటుంది, ఉన్నాడు, వెనకే ఉన్నాడు. గరిటె పట్టుకుని అలాగే నిలబడుతుంది. తిరిగితే ఉండడు అని తెలుసు. తిరగకపోతే ఉన్నట్టే. కూర మాడిపోతుంది. ఈ సంగతి కూతురికి చెబితే తనతో రమ్మంటుంది, చెప్పలేదు.

"అమ్మా, ఏంటలా ఉన్నావు? కాఫీ పెట్టనా?" అంది కూతురు.

"వద్దే. ముందు అది కానీ."

"నీకింత పిచ్చేంటో. ఆడని సినిమా అది, నాన్నే దాని ఊసెత్తేవారు కాదు. ఎన్ని మంచి సినిమాలు చేశారు, అవి వదిలేసి ఇదే కావాలంటావు."

ఇదే కావాలి. పిల్లకి తెలియదు. తనకన్నా ముందు ఒక అన్న పుట్టి పోయాడని తెలుసు, అంతే, ఏ రోజో తెలియదు, ఆ రోజు ఏం జరిగిందో తెలియదు. ఆసుపత్రిలో ఇనప మంచం, తెల్ల దుప్పటి, పక్కన ఖాళీ ఉయ్యాల, దాన్ని ఎవరూ తీసేయలేదు, ఎవరి పనో ఎవరికీ తెలియనట్టుంది. తెల్లవారాక ఆయన వచ్చి మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. భుజాన జోళ్ళ సంచి. రికార్డింగు ఉంది, ఆ ఖాళీ ఇంటి సీను మిగిలింది, ఇవాళతో గది అప్పగించేయాలి, వెళ్ళొస్తాను, అన్నాడు. పొద్దంతా గోడవైపు తిరిగి పడుకుని వసారాలో వచ్చేపోయే అడుగులు వింది. నర్సులవి, చీపురు ఊడ్చే ఆమెవి, ఎవరిదో బిడ్డని చూడడానికి పరుగెత్తుకొచ్చే వాళ్ళవి. ఆయనవి వినిపించవు కదా, వచ్చినా వినిపించవు, అందుకని ప్రతి నిశ్శబ్దానికీ తిరిగి చూసింది. చీకటిపడ్డాక కళ్ళు తెరిస్తే ఆయన పక్కన కూర్చుని ఉన్నాడు, ఎప్పుడొచ్చాడో. ఆ తరవాత ఎప్పుడో, నెలలు గడిచాక, అన్నం వడ్డిస్తూ ఒక్కసారే అడిగింది. ఆ రోజు మీకు కాళ్ళెలా ఆడాయండీ, ఎలా నడిచారు? ఆయన తినడం ఆపి, సినిమాలో ఉంది, విను, అన్నాడు. విననంటే విననంది. ఆ సినిమా హాలుకి వచ్చినప్పుడు వెళ్ళలేదు, టీవీలో వచ్చినప్పుడు కట్టేసింది. కట్టేసిన ప్రతిసారీ ఆయన లేచి వెళ్ళిపోయేవాడు. వెళ్ళిన చప్పుడు కూడా లేకుండా. తరవాత పిల్ల పుట్టింది, పెరిగింది, నవ్వుకున్నారు, పోట్లాడుకున్నారు, అంతా బాగానే ఉంది, ఆ ఒక్క ప్రశ్న మాత్రం పళ్ళెం పక్కన అలాగే ఉండిపోయింది. ఇప్పుడు అడగడానికి మనిషి లేడు. ఆ సినిమా డిస్కుగా వచ్చిందని పిల్ల చెప్పగానే తెప్పించమంది. ఆయన విను అన్నాడు కాబట్టి అందులో ఏదో ఉండి తీరాలి. లేకపోతే వెనక నిలబడే ఆ నిశ్శబ్దంతో ఇక కాపురం చేయడం తన వల్ల కాదు.

"అయిపోయింది అత్తయ్యా!" అల్లుడు వెనక్కి పాకి బయటపడ్డాడు, మోచేతులనిండా దుమ్ము. "ఆరూ పెట్టేశాను. ముందువి రెండు, వెనకవి రెండు, మధ్యది, ఉరిమేది. ఏదైనా తారుమారైతే మాత్రం వెనక నుంచి రావలసిన మనిషి ముందు నుంచి వస్తాడు, నన్ను తిట్టకండి."

పెట్టె వెలిగింది. అతను ముందుకి జరిపాడు, పాటలు, పోట్లాటలు పరుగెత్తాయి, ఈ సీనేనా అత్తయ్యా, ఇల్లు ఖాళీ చేసి వెళ్ళేముందు ఆవిడ ఒక్కతే తిరిగేది? అదే. కథంతా ఆయన అప్పట్లో షూటింగు మొదలైన కొత్తలోనే చెప్పాడు, తరవాతే చెప్పడం మానేశాడు. ఒక తల్లి. ఖాళీ ఇల్లు. పిల్లవాడి గది దాకా నడిచి గుమ్మం దగ్గర ఆగుతుంది, లోపలికి వెళ్ళలేకపోతుంది. మాట లేదు, పాట లేదు, అడుగులే. ఇంత సీనూ ఆయనకే వదిలేశారు. ఆ రోజే. ఆమె నడకతోనే నడిచి ఉండాలి, ఇంకో ఆడనడక రాదు కదా. అంటే ఇనప మంచం మీద తను కదలకుండా పడుకుని ఉంటే అక్కడ తనే నడిచింది.

అడుగులు మొదలయ్యాయి. గది నిండిపోయింది, ఇంత స్పష్టంగా ఆమె ఎప్పుడూ ఏదీ వినలేదు, నేల మీది ఇసుక రేణువు చెప్పు కింద నలగడం కూడా వినిపించింది, ఎదర నుంచి మొదలై కుడిపక్కగా సాగి భుజం దాటి వెనక్కి వెళ్ళాయి. అబ్బ, ఎంత బాగుందో, అన్నాడు అల్లుడు. ఆమె వింటోంది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. సమంగా. తేలిగ్గా. ఎడమ కాలు ఆలస్యం లేదు. ఎక్కడా తడబాటు లేదు. తెర మీది ఆవిడ గుమ్మం దగ్గర ఆగింది, అడుగులూ ఆమెతో పాటే ఠక్కున ఆగాయి. అంతే. అయిపోయింది. ఓహో, ఇలా నడిచారా. పని తెలిసిన మనిషి, పని చేసుకుని వచ్చారు. తప్పేముంది, పనికి వెళ్ళిన మనిషి ఏడుస్తూ నడుస్తాడా. కానీ నా నడక ఏమైందండీ, ఆ ఒక్క క్షణం ఏమైంది, అన్నిట్లోనూ వేశారు, వేశ్యలకి వేశారు, రాణులకి వేశారు, ఆ రోజు మాత్రం దాన్ని కూడా నాతోపాటే వదిలి వెళ్ళారా, నన్ను అక్కడ పడుకోబెట్టి నా కాలు కూడా అక్కర్లేదనుకున్నారా. ఇదా నన్ను వినమన్నది. వీపు వెనక ఎవరూ లేరు. ఇన్నాళ్ళలో మొదటిసారి ఎవరూ లేరని తెలిసింది, అది తెలియడం ఇంత భయంగా ఉంటుందని అనుకోలేదు.

"చూశావా, అప్పటి సినిమాలాగే లేదు" అంటున్నాడు అల్లుడు కూతురితో. "కొత్తగా చేశారు కదా, అందుకే అంత శుభ్రంగా ఉంది."

"కొత్తగా చేయడమంటే? దుమ్ము దులిపారనా?"

"దులిపితే ఇలా వస్తుందా? అప్పట్లో మాటలూ చప్పుళ్ళూ అన్నీ కలిపి ఒకే గొట్టంలో పోసేవాళ్ళు. మాటలు ఎలాగో విడదీస్తారు. ఈ అడుగులూ, తలుపులూ వేరే తీసి చుట్టూ తిప్పడం అయ్యే పనేనా? మళ్ళీ ఎవరిచేతో చేయించి ఉంటారు."

"అదేంటండీ! మరి అవి నాన్నవి కావా?"

అతను నాలిక కరుచుకున్నాడు. "అది... అత్తయ్యా, నాకు తట్టలేదు... అవును, మావయ్యగారివి అయ్యుండవు."

"పొద్దున్నించీ బల్లకింద దూరి, పరాయివాళ్ళ కాళ్ళు తెచ్చి వినిపించారా మా అమ్మకి!"

పరాయి కాళ్ళు. ఎవరో అమ్మాయి, చలువగదిలో, మంచి చెప్పులు వేసుకుని, పిల్లాపాపలతో చల్లగా ఉండాలి, బాగా నడిచింది, తప్పేం చేసింది. ఆమె గుండెలో ఏదో ఒక్కసారి వదులైంది, వెంటనే మళ్ళీ పట్టేసింది. మరి ఆయనవి? చెరిపేశారా? చెరిపేస్తే ఇక ఎక్కడా లేనట్టే కదా. "బాబూ" అంది, "పాతది దొరకదా?"

అల్లుడు తెర మీదికి ఏవో వరసలు తెచ్చాడు, కిందికి, ఇంకా కిందికి. ఆమె కూడా వేలు గాలిలో ఆడిస్తూ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటోంది. అన్నిటికన్నా అడుగున ఉంది, పాత శబ్దం అని. దానికి ఈ ఆరు తీగలతో పని లేదు అత్తయ్యా, ఆ లిపి మీ పెట్టెకి వచ్చు, పొద్దుటి సన్నతీగ చాలు, పెట్టె రిమోట్ మీద ఇదిగో ఈ బొత్తాం నొక్కండి, అన్నాడు. నొక్కింది. బొత్తాం మీద అంకె ఎప్పుడో అరిగిపోయింది, ఆయన బొటనవేలు నొక్కి నొక్కి. పెట్టె లోపల ఠక్కుమని ఏదో మారింది. చుట్టూ ఉన్న స్పీకర్లు మూగబోయాయి. మధ్యలో ఒక్కటే పలుకుతోంది, సన్నగా, వెనకాల వాన పడుతున్నట్టు సొదతో. తల్లి మళ్ళీ ఖాళీ ఇంట్లోకి వచ్చింది.

మొదటి అడుగుకే తెలిసింది. రెండోదాకా ఆగక్కర్లేదు. కుడి, ఒక క్షణం, ఎడమ. ఆమె పాదం సోఫా కింద ముడుచుకుంది. తన నడకే, కానీ తను ఎప్పుడూ ఇలా నడవలేదు, ఇంత బరువుగా, నడవగలిగి ఉంటే ఆ రోజు తను నడిచి ఉండే నడక ఇది, మంచం దిగి ఆ ఖాళీ ఉయ్యాల దాకా. ఎలా తెలిసింది ఆయనకి. అంత దూరంలో, చీకట్లో, ఎలా పట్టుకున్నాడు. ఎడమ కాలు ఆలస్యం అవుతోంది, ఇంకా ఆలస్యం అవుతోంది, బొమ్మ ముందు పోతోంది, అడుగు వెనకబడుతోంది, ఎన్నడూ తప్పని మనిషి తప్పుతున్నాడు. తెర మీది తల్లి గుమ్మం దగ్గర ఆగింది.

అడుగులు ఆగలేదు.

"అయ్యో, ఇక్కడ తప్పు పడింది చూడండి" అంది కూతురు మెల్లగా. "ఆవిడ ఆగిపోయింది కదా, ఇంకా నడుస్తారేంటి నాన్న?"

గుమ్మం దాటి లోపలికి వెళ్ళాయి. ఆ తల్లి వెళ్ళలేని గదిలోకి, ఎవరూ లేని చోటికి, కుడి, ఎడమ, ఎదర ఏమీ కనిపించకపోయినా. బొమ్మ చూడడం మానేశాడు. ఎటు నడుస్తున్నాడో ఆమెకి తెలుసు. ఒకే గడిలో నిలబడి అంత దూరమూ నడుస్తున్నాడు, వసారా వెంట, ఇనప మంచం వైపు, ఆమె గోడవైపు తిరిగి చెవులు రిక్కించి పడుకున్న ఆ పగలంతా ఆయన చప్పుడు చేస్తూ వస్తూనే ఉన్నాడు. ఆనాడు ఎవరో ఒకరు ఆపమని అరిచి ఉండాలి. అరవలేదు, లేదా అరిచినా ఈయనకి వినపడలేదు. మళ్ళీ తీయడానికి వేళ లేక, పక్కగదిలో ఇంకెవరో తిరుగుతున్నారనుకుంటారులే అని వదిలేసి ఉంటారు. ఇంకో అడుగు. ఆగింది. చెక్క స్టూలు కిర్రుమంది. ఆ సినిమా ఇంట్లో స్టూలు లేదు, సామానంతా ఎప్పుడో ఎత్తేశారు. ఒక చెప్పు కాలినుంచి జారి నేల మీద పడింది, ఆడవాళ్ళ చెప్పు, తేలికది. పని మధ్యలో ఆయన ఎన్నడూ కూర్చోడు.

ఆమె వేలు దానంతట అదే పక్కనున్న ప్లేయరు రిమోట్ మీద పడింది. బొమ్మ నిలిచిపోయింది, గుమ్మంలో తల్లి, చెయ్యి ద్వారబంధం మీద. గదిలో చప్పుడు లేదు.

"ఏంటమ్మా, ఆపేశావు? ఇంకా ఉంది కదా. ఇటివ్వు" అని కూతురు రిమోట్ కోసం చెయ్యి చాపింది.

ఆమె ఇవ్వలేదు. "ఉండవే" అంది, గొంతు బాగా తగ్గించి. "ఇప్పుడే కూర్చున్నారు."